రాత్రంతా వాచ్‌లో యాప్ బతకాలంటే: మెమరీ వాడకాన్ని కనిపెట్టుకోవడం ఎలా

రొయ్యల చెరువు చేసే రైతుకి అసలు టెన్షన్ తెల్లవారుజామున. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. చీకటి పడ్డాక అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లుతున్న మేత అన్నీ కలిసి దాన్ని వాడేసుకుంటాయి. అందుకే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) సూర్యుడు పొడిచే ముందు బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగుతోందంటే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో ఎవరో ఒకరు గట్టు మీదికి వెళ్లి చూడాల్సిందే. కరెంటు పోయి, జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే ఆ ఒక్క గంటలోనే పంట పోవచ్చు.

మీరు భీమవరంలోనో, పాలకొల్లులోనో, అమలాపురంలోనో కూర్చుని ఈ రైతు కోసం వాచ్ యాప్ రాస్తున్నారనుకుందాం. చెరువులోని సెన్సార్ నుంచి డీఓ, ఉష్ణోగ్రత ఫోన్‌కి వస్తాయి, ఫోన్ నుంచి వాచ్‌కి. అంకె పడిపోతే వాచ్ మణికట్టు మీద గట్టిగా వణికి మనిషిని లేపుతుంది. ఆలోచన మంచిదే. చిక్కల్లా ఏమిటంటే, సాయంత్రం మీ బల్ల మీద చక్కగా నడిచిన యాప్ మెల్లమెల్లగా మెమరీ పెంచుకుంటూ పోతే, రాత్రి ఏ మూడింటికో సిస్టమ్ దాన్ని చప్పుడు లేకుండా ఆపేస్తుంది. ఎర్రర్ రాదు, క్రాష్ మెసేజ్ కనిపించదు. వాచ్ టైమ్ చూపిస్తూనే ఉంటుంది. మీ యాప్ మాత్రం ఉండదు.

కాబట్టి వాచ్ యాప్ మెమరీని ఐదు నిమిషాలు చూసి బాగుందనుకోవద్దు. రాత్రంతా చూడాలి. అది ఎలాగో ఆండ్రాయిడ్ మీద నడిచే గూగుల్ వాచ్ సిస్టమ్ వేర్ ఓఎస్ ఉన్న వాచ్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను. గార్మిన్ వాళ్లకు చివర్లో నాలుగు మాటలు ఉన్నాయి.

వాచ్‌ని ల్యాప్‌టాప్‌కి కలపండి

ఎమ్యులేటర్ మీద మెమరీ కొలతలు తీసుకుని నిర్ణయాలు చేయకండి. స్క్రీన్లు సరిగా వస్తున్నాయో లేదో చూసుకోవడానికి అది చాలు. మెమరీ విషయంలో మాత్రం అసలు వాచ్ వేరు. అందులో హెల్త్ సెన్సార్లు, మ్యూజిక్, మ్యాప్స్, వాచ్ తయారుచేసిన కంపెనీ పెట్టిన సొంత యాప్‌లు అన్నీ ఒకే ర్యామ్‌ని పంచుకుంటాయి. 2021లో వచ్చిన గెలాక్సీ వాచ్ 4లో ఉన్నది 1.5 జీబీ. 2022 నాటి పిక్సెల్ వాచ్‌లో 2 జీబీ. ఇంకా పాత వాచ్‌లలో 1 జీబీయో, అంతకంటే తక్కువో ఉంటుంది. మీ రైతు కొనేది ఏ వాచ్ అయితే దాని మీదే కొలవండి. రెండు మూడు మోడళ్లు ఉంటే అన్నిటికంటే తక్కువ ర్యామ్ ఉన్నదాన్ని ఎంచుకోండి.

వాచ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. శాంసంగ్‌లో అయితే సాఫ్ట్‌వేర్ వెర్షన్ మీద నొక్కాలి. అందులో ఏడీబీ (ల్యాప్‌టాప్ నుంచి వాచ్‌కి ఆదేశాలిచ్చే సాధనం) డీబగ్గింగ్, వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చెయ్యండి. వాచ్, ల్యాప్‌టాప్ రెండూ ఒకే వైఫైలో ఉండాలి. చెరువు దగ్గర వైఫై ఎక్కడిది అనుకోకండి, ఫోన్ హాట్‌స్పాట్ సరిపోతుంది. కొత్తవాళ్లు తరచూ ఇరుక్కునేది పోర్ట్ నంబర్ దగ్గర. పెయిర్ చేసేటప్పుడు చూపించే పోర్ట్ వేరు, తర్వాత కనెక్ట్ అవ్వాల్సిన పోర్ట్ వేరు. పెయిరింగ్ అయిపోయాక వెనక్కి వచ్చి, వైర్‌లెస్ డీబగ్గింగ్ మొదటి స్క్రీన్ మీద ఉన్న నంబర్‌తో కనెక్ట్ అవ్వండి. వైఫై ఆపి మళ్లీ పెడితే ఆ నంబర్ మారిపోవచ్చు. వాచ్ ఫోన్‌తో బ్లూటూత్‌లో ఉన్నప్పుడు బ్యాటరీ కోసం వైఫైని తనంతట తానే వదిలేస్తుంది. కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతుంటే కొలిచేంతసేపు ఫోన్ బ్లూటూత్ ఆపేయండి.

మొదటి కొలత

టెర్మినల్లో ఏడీబీ షెల్ డంప్‌సిస్ మెమ్‌ఇన్ఫో అని కొట్టి, పక్కన మీ యాప్ ప్యాకేజీ పేరు ఇవ్వండి. పెద్ద పట్టిక వస్తుంది. భయపడక్కర్లేదు, కింద ఉన్న యాప్ సమ్మరీ చూస్తే చాలు. జావా హీప్ (జావా, కాట్లిన్ వస్తువులు ఉండే చోటు), నేటివ్ హీప్ (సి, సి++ కోడ్ తీసుకున్నది), కోడ్, స్టాక్, గ్రాఫిక్స్ అని విడివిడిగా కిలోబైట్లలో ఉంటాయి. చివర టోటల్ పీఎస్ఎస్, టోటల్ ఆర్ఎస్ఎస్.

ఈ రెండిట్లో పీఎస్ఎస్ మీద దృష్టి పెట్టండి. కొన్ని లైబ్రరీ పేజీలను చాలా యాప్‌లు కలిసి వాడుకుంటాయి. ఆర్ఎస్ఎస్ వాటిని మొత్తంగా మీ ఖాతాలోనే రాస్తుంది. పీఎస్ఎస్ అయితే ఎంతమంది వాడుతున్నారో అన్ని భాగాలు చేసి మీ వాటా మాత్రమే రాస్తుంది. మీ వల్ల వాచ్ మీద పడే భారం ఎంతో ఇది దగ్గరగా చెబుతుంది.

ఏ బిల్డ్‌తో కొలుస్తున్నారన్నది కూడా ముఖ్యమే. డీబగ్ బిల్డ్ రిలీజ్ బిల్డ్ కంటే ఎక్కువ మెమరీ తింటుంది, స్క్రీన్లు రాసే కంపోజ్ లైబ్రరీ వాడితే ఆ తేడా మరీ ఎక్కువ. అంకెల కోసం ఆర్8 (కోడ్‌ని కుదించే సాధనం) ఆన్ చేసిన రిలీజ్ బిల్డ్‌నే తీసుకోండి. మ్యానిఫెస్ట్‌లో ప్రొఫైలబుల్ అని పెడితే ఆండ్రాయిడ్ స్టూడియోలోని మెమరీ కొలిచే ప్రొఫైలర్ దానికి కూడా తగులుకుంటుంది. హీప్ డంప్ (మెమరీలో ఉన్న వస్తువులన్నిటి జాబితా) తియ్యాలంటే మాత్రం డీబగ్ బిల్డ్ కావాలి. కాబట్టి ఎంత తింటోందో రిలీజ్ బిల్డ్‌లో చూడండి, ఎవరు తింటున్నారో డీబగ్ బిల్డ్‌లో వెతకండి.

కొలత మూడు చోట్ల తీసుకోండి. యాప్ తెరిచిన వెంటనే ఒకటి. అన్ని చెరువుల స్క్రీన్లూ, గ్రాఫులూ తిరిగి చూశాక ఒకటి. చెయ్యి దించి, స్క్రీన్ మసకబారి, పది నిమిషాలు గడిచాక ఒకటి. మూడోది ముఖ్యం, ఎందుకంటే మీ యాప్ రాత్రంతా గడిపేది ఆ స్థితిలోనే. అది రెండోదానికి దగ్గరగానే ఉందంటే, స్క్రీన్ కోసం తెచ్చుకున్నదాన్ని యాప్ వదలడం లేదని అర్థం.

తెరిచి మూసే పరీక్ష

యాప్ తెరవండి, ఒక చెరువు గ్రాఫ్ చూడండి, వెనక్కి వచ్చి మూసేయండి. ఇదే ఓ ఇరవై సార్లు చెయ్యండి. విసుగనిపిస్తే స్క్రిప్ట్ రాసుకోండి. తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియో ప్రొఫైలర్లో గార్బేజ్ కలెక్షన్ (వాడని వస్తువుల్ని ఊడ్చేసే పని) బటన్ నొక్కి మళ్లీ మెమ్‌ఇన్ఫో చూడండి.

జావా హీప్ రంపపు పళ్లలా ఎక్కి దిగుతుండటం సహజం. పైకి ఎక్కిన ఎత్తు చూసి కంగారు పడొద్దు. దిగినప్పుడు ఎంత వరకు దిగుతోందో చూడండి. ప్రతిసారీ ఆ అడుగు కాస్త కాస్త పైకి జరుగుతోందంటే లీక్ ఉన్నట్టే, అంటే పని అయిపోయినా ఆ మెమరీ తిరిగి రావడం లేదు. మెమ్‌ఇన్ఫో పట్టికలో ఆబ్జెక్ట్స్ అనే భాగం ఉంటుంది, అందులో యాక్టివిటీస్ అన్న అంకె చూడండి. యాప్‌ని పూర్తిగా మూసేశాక అది సున్నాకి రావాలి. ఇరవై సార్లు తెరిచి మూస్తే ఇరవై అని చూపిస్తుంటే, మూసేసిన ప్రతి స్క్రీన్‌నీ ఎవరో పట్టుకుని కూర్చున్నారన్నమాట. ఎక్కువసేపు పట్టని పరీక్ష ఇది, ప్రతి వెర్షన్‌కీ చెయ్యండి.

రాత్రంతా లెక్క రాయించండి

అసలు పని ఇది. ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే.

వాచ్‌ని ఛార్జర్ మీద పెట్టి, ల్యాప్‌టాప్‌కి కలిపి, రాత్రంతా ఏడీబీతో కొలిస్తే వచ్చే లెక్క నిజమైనది కాదు. ఛార్జర్ మీద ఉన్న వాచ్ బ్యాటరీ పొదుపు నిద్ర అయిన డోజ్‌లోకి వెళ్లదు, వైఫై పట్టుకునే ఉంటుంది, చేతికి లేదు కాబట్టి హెల్త్ సెన్సార్లు పని చెయ్యవు. రైతు చేతిమీద జరిగేది దీనికి పూర్తిగా వేరు. అందుకని లెక్కని యాప్ చేతే రాయించండి.

వర్క్‌మేనేజర్‌తో ఒక పీరియాడిక్ పని (అప్పుడప్పుడూ తనంతట తానే నడిచేది) పెట్టండి. దానికి కనీస వ్యవధి 15 నిమిషాలు, మనకి సరిపోతుంది. డోజ్ వల్ల ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా నడుస్తుంది, ఫర్వాలేదు. నడిచిన ప్రతిసారీ ఒక ఫైల్లో ఒక్క వరుస చేర్చాలి. ఆ వరుసలో టైమ్, జావా హీప్, నేటివ్ హీప్, మొత్తం పీఎస్ఎస్, బ్యాటరీ శాతం, ప్రాసెస్ ఐడీ ఉండాలి. మెమరీ అంకెలు డీబగ్ క్లాసులోని గెట్ మెమరీ ఇన్ఫో పిలిస్తే వస్తాయి. గ్రాఫిక్స్ లెక్క అందులో పూర్తిగా రాకపోవచ్చు, కానీ పెరుగుదల కనిపెట్టడానికి అది చాలు. యాక్టివిటీ మేనేజర్ ద్వారా అడిగితే, ఆండ్రాయిడ్ 10 నుంచి తరచూ అడిగినవాళ్లకి పాత అంకెనే తిరిగి ఇస్తుంది. ఆ తేడా తెలియకపోతే అంకె కదలడం లేదు, అంతా బాగుంది అని మోసపోతారు.

ప్రాసెస్ ఐడీ ఎందుకంటే, సిస్టమ్ మీ యాప్‌ని చంపేసినా వర్క్‌మేనేజర్ దాన్ని మళ్లీ లేపి పని చేయిస్తుంది. ఫైల్లో వరుసలు ఏమీ జరగనట్టే కొనసాగుతాయి. ఐడీ మారిందంటే మధ్యలో ఒకసారి చచ్చి బతికిందన్నమాట. అదే చోట మెమరీ అంకె కూడా ఒక్కసారిగా కిందికి పడి ఉంటుంది. దాన్ని చూసి మెమరీ తగ్గిందని సంతోషించకండి.

ఈ ఫైల్‌ని పొద్దున ఫోన్‌కి పంపించి గ్రాఫ్ గీసుకోండి. డెల్టా కాలువలో పూడిక ఏ ఒక్కరోజూ కంటికి కనిపించదు, వేసవిలో కాలువ కట్టేసి చూస్తేనే ఎంత పేరుకుందో తెలుస్తుంది. లీక్ కూడా అంతే, గంటకి కొన్ని వందల కిలోబైట్లు పెరిగితే బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. వరసగా కొన్ని రాత్రులు, వాచ్ చేతికి పెట్టుకుని పడుకుని చూడండి. వీలైతే ఒక రాత్రి చెరువు దగ్గర కాపలా మనిషికే ఇవ్వండి. ఫోన్ షెడ్డులో పెట్టి గట్టు మీద తిరుగుతుంటే బ్లూటూత్ తెగుతూ కలుస్తూ ఉంటుంది. కలిసిన ప్రతిసారీ మీ కోడ్ కొత్త లిజనర్ (కబురు కోసం కాచుకునే కోడ్) పెట్టి పాతది తియ్యడం మర్చిపోతే అది బయటపడేది అక్కడే.

పొద్దున్నే అడగాల్సిన ప్రశ్న: రాత్రి ఎందుకు ఆగింది?

దీనికి జవాబు సిస్టమ్ దగ్గరే ఉంది. ఆండ్రాయిడ్ 11లో అప్లికేషన్ ఎగ్జిట్ ఇన్ఫో అనే సదుపాయం వచ్చింది. వేర్ ఓఎస్ 3కి మూలం ఆండ్రాయిడ్ 11 కాబట్టి, అదీ, ఆ తర్వాతి వెర్షన్లూ ఉన్న వాచ్‌లన్నిటిలో ఇది ఉంటుంది. యాప్ మొదలవగానే గెట్ హిస్టారికల్ ప్రాసెస్ ఎగ్జిట్ రీజన్స్ పిలవండి. ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఆగే ముందు చివరిసారి కొలిచిన పీఎస్ఎస్ ఎంత అన్నీ చెబుతుంది. ల్యాప్‌టాప్ నుంచి అయితే డంప్‌సిస్ యాక్టివిటీ ఎగ్జిట్ ఇన్ఫో అని కొట్టి చూడొచ్చు.

కారణం ‘లో మెమరీ’ (మెమరీ చాలక ఆపడం) అని ఉంటే విషయం స్పష్టం. సిగ్నల్డ్ అని ఉండి, సిగ్నల్ నంబర్ 9 ఉంటే వెంటనే వేరే కారణం వెతక్కండి. కొన్ని పరికరాలు మెమరీ కోసం చంపినా అలాగే రాస్తాయి. మీ వాచ్ ఆ రకమా కాదా అన్నది ఈజ్ లో మెమరీ కిల్ రిపోర్ట్ సపోర్టెడ్ అనే పిలుపు చెబుతుంది. కారణం ఏఎన్ఆర్ (యాప్ స్పందించకపోవడం) అనో, క్రాష్ అనో ఉంటే సమస్య మెమరీ కాకపోవచ్చు.

ఇంకో సంగతి. పాత పాఠాల్లో ఆన్ ట్రిమ్ మెమరీ మీద ఆధారపడమని ఉంటుంది. మెమరీ తగ్గుతోంది అని సిస్టమ్ ముందుగా హెచ్చరిస్తుంది, అప్పుడు వదిలించుకోవచ్చు అన్నది ఆ పద్ధతి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఆ హెచ్చరికల్లో చాలావాటిని యాప్‌లకి పంపడం ఆపేశారు. స్క్రీన్ వెనక్కి వెళ్లింది, యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంది అన్న రెండే మిగిలాయి. వేర్ ఓఎస్ 5 ఆండ్రాయిడ్ 14 మీదే నడుస్తుంది. కాబట్టి హెచ్చరిక వస్తే ఖాళీ చేద్దాం అనుకోవద్దు, స్క్రీన్ వెనక్కి వెళ్లగానే ఖాళీ చేసేయండి.

ఎవరు తింటున్నారో పట్టుకోవడం

అడుగు పెరుగుతోందని తేలాక ప్రొఫైలర్లో హీప్ డంప్ తియ్యండి. రెండు డంపులు తీసి పోల్చడం మంచిది, యాప్ కొత్తగా మొదలైనప్పుడు ఒకటి, బాగా వాడాక ఒకటి. రిటెయిన్డ్ సైజ్ ప్రకారం పెద్దవి పైకి వచ్చేలా పెట్టుకోండి. ఆ వస్తువు పోతే దాంతోపాటు మొత్తం ఎంత ఖాళీ అవుతుందో ఆ అంకె చెబుతుంది. తర్వాత రెఫరెన్సెస్ తెరిచి, దాన్ని ఎవరు పట్టుకున్నారో ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్లండి. లీక్‌కెనరీ అనే లైబ్రరీ ఈ పనిని తనంతట తానే చేస్తుంది, కానీ దాని విశ్లేషణే వాచ్‌కి బరువు. రాత్రి పరీక్షలో దాన్ని తీసేయండి, లేకపోతే మీరు కొలిచేది దాని మెమరీనే.

వాచ్ యాప్‌ల్లో తరచూ కనిపించే దొంగలు కొందరే. ఫోన్‌కీ వాచ్‌కీ మధ్య డేటా మోసే డేటా క్లయింట్‌కి, మెసేజ్ క్లయింట్‌కి లిజనర్ పెట్టి తియ్యకపోవడం. సెన్సార్ మేనేజర్‌లో రిజిస్టర్ చేసి అన్‌రిజిస్టర్ చెయ్యకపోవడం. గ్లోబల్ స్కోప్‌లో మొదలుపెట్టిన కొరూటీన్ (వెనకాల నడిచే పని) ఎప్పటికీ నడుస్తూ, పాత స్క్రీన్‌ని పట్టుకుని ఉండటం. వీటికి మందు ఒకటే, పెట్టిన చోటికి జంటగా తీసే చోటు రాయడం.

ఆక్వా యాప్‌లో వీటికంటే పెద్ద దొంగ రీడింగుల జాబితా. లెక్క వేద్దాం. ఎనిమిది చెరువులు, నిమిషానికో రీడింగ్ అంటే రోజుకి 11,520. ఒక్కోటి ఫ్లోట్‌గా అర్రేలో పెడితే నాలుగు బైట్లే, మొత్తం సుమారు 45 కేబీ. ఏమీ కాదు. అదే, వచ్చిన జేసన్ (డేటా పంపే టెక్స్ట్ రూపం) వాక్యాన్ని ఉన్నదున్నట్టు స్ట్రింగ్‌గా జాబితాలో చేరుస్తూ పోతే? వాక్యం 200 అక్షరాలుంటే, రోజుకి 2 ఎంబీ పైమాట. అందులో చెరువు పేరు తెలుగులో ఉంటే దాదాపు రెట్టింపు! ఆండ్రాయిడ్ స్ట్రింగులో అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే ఉంటే ఒక్కోదానికి ఒక బైట్ పెడుతుంది. ఒక్క తెలుగు అక్షరం చేరినా స్ట్రింగ్ మొత్తానికీ రెండేసి బైట్లు పెడుతుంది. పంట మూడు నాలుగు నెలలు నడుస్తుంది, జాబితా కత్తిరించకపోతే ఏమవుతుందో ఊహించండి.

అలాగని పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టమని కాదు. రైతు తన చెరువుని పెదచెరువు, డ్రెయిన్ పక్కది అనే పిలుస్తాడు, స్క్రీన్ మీద అదే కనిపించాలి. పేరుని ఒక్కచోట దాచి, రీడింగులో చెరువు నంబర్ మాత్రం పెట్టండి. మెమరీలో 24 గంటల రీడింగులు మాత్రమే ఉండేలా, కొత్తది వస్తే అన్నిటికంటే పాతది పోయేలా రాయండి. మిగతా చరిత్ర ఫోన్‌లో ఉండనివ్వండి. 450 పిక్సెళ్ల గుండ్రటి స్క్రీన్ మీద 1,440 చుక్కల గ్రాఫ్ గీయడంలో అర్థం లేదు. ఫోనే దాన్ని ఒక వంద చుక్కలకి కుదించి పంపాలి.

బొమ్మలు ఇంకో సంగతి. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. వాచ్ స్క్రీన్ నిండా 450 చొప్పున నాలుగు వైపులా బొమ్మ పెడితే 8,10,000 బైట్లు, అంటే సుమారు 0.8 ఎంబీ. మేత మిగిలిందో లేదో చూసే చెక్‌ట్రే ఫొటో చూపిద్దామని ఫోన్ కెమెరాలో తీసిన 4000 బై 3000 ఫొటోని అలాగే విప్పితే 4.8 కోట్ల బైట్లు! ఫైల్ సైజు 3 ఎంబీయే కదా అనుకోకండి, విప్పాక దాని కొలతలే లెక్క. ఫొటోని ఫోన్‌లోనే చిన్నది చేసి పంపండి.

తెలుగు ఫాంట్ యాప్‌లో కలిపి పెట్టేముందు, వాచ్‌లో ఉన్న ఫాంట్‌తో ఒత్తులు, గుణింతాలు సరిగా వస్తున్నాయేమో చూడండి. వస్తుంటే వేరే ఫాంట్ అక్కర్లేదు.

నిజంగా రాత్రంతా నడవాలా?

ఇన్ని కొలతలు తీశాక కూడా నేను చెప్పేది ఒకటే, మెమరీ తక్కువ వాడే మంచి దారి అవసరం లేనప్పుడు యాప్ అసలు లేకపోవడమే. డీఓ హద్దు దాటిందా లేదా అని వాచ్ లెక్కలు వెయ్యక్కర్లేదు, ఆ పని ఫోన్‌దో సర్వర్‌దో. దాటినప్పుడు మాత్రం ఫోన్ వాచ్‌కి మెసేజ్ పంపాలి. వాచ్ వైపు వేరబుల్ లిజనర్ సర్వీస్ రాసి ఉంచితే, ప్రాసెస్ అప్పటికి లేకపోయినా సిస్టమ్ దాన్ని లేపి మెసేజ్ అందిస్తుంది. మామూలుగా అంకె చూసుకోవడానికి టైల్ (పక్కకి జరిపితే వచ్చే చిన్న స్క్రీన్) ఉంటే చాలు.

అలా మార్చాక పరీక్ష కూడా మారుతుంది. యాప్‌ని వెనక్కి పంపి, ఏడీబీ షెల్ ఏఎమ్ కిల్ కొట్టి ప్రాసెస్‌ని చంపండి. తర్వాత ఫోన్ నుంచి హెచ్చరిక పంపండి. వాచ్ వణికిందా? స్క్రీన్ మీద సరైన చెరువు వచ్చిందా? ఫోర్స్ స్టాప్‌తో ఈ పరీక్ష చెయ్యకండి, అది వేరు. ఫోర్స్ స్టాప్ చేసిన యాప్‌ని మనిషి మళ్లీ తెరిచేదాకా సిస్టమ్ లేపదు. ఇదే పరీక్షని మ్యూజిక్, మ్యాప్స్, వర్కవుట్ అన్నీ తెరిచి వాచ్‌ని ఇరుకున పెట్టి మరోసారి చెయ్యండి.

సొంత వాచ్‌ఫేస్ కూడా చేస్తుంటే, వాచ్ ఫేస్ ఫార్మాట్‌లో చేసినవాటికి గూగుల్ ప్లే మెమరీ హద్దు పెట్టింది. మామూలుగా చూస్తున్నప్పుడు 100 ఎంబీ, స్క్రీన్ మసకబారినప్పుడు 10 ఎంబీ. దాన్ని కొలిచే సాధనం కూడా గూగుల్ ఇస్తోంది, పంపేముందు మీరే నడిపి చూసుకోండి.

గార్మిన్ వాచ్‌లకు వాటి సొంత భాష మంకీ సీలో రాసేవాళ్లకి మెమరీ ఇంకా ఇరుకు. వాచ్ మోడల్‌ని బట్టి, యాప్ రకాన్ని బట్టి హద్దు మారుతుంది. కొన్ని పాత మోడళ్లలో, వ్యాయామం స్క్రీన్ మీద అంకె చూపే చిన్న యాప్ అయిన డేటా ఫీల్డ్‌కి పదుల కిలోబైట్లే దొరుకుతాయి. సిమ్యులేటర్‌లో వ్యూ మెమరీ తెరిచి పెట్టుకోండి, కోడ్‌లో సిస్టమ్ స్టాట్స్ అడిగి యూజ్డ్ మెమరీ రాసుకోండి. అక్కడ మెమరీ ఖాళీ అయ్యేది రెఫరెన్స్ కౌంటింగ్‌తో, అంటే ఒక వస్తువుని పట్టుకున్నవాళ్లు సున్నా అయినప్పుడు. రెండు వస్తువులు ఒకదాన్నొకటి పట్టుకుంటే రెండూ ఎప్పటికీ పోవు, ఒకవైపు వీక్ రెఫరెన్స్ (ఆ లెక్కలోకి రాని పట్టు) పెట్టాలి.

రైతు చేతికి ఇచ్చే ముందు

ఎంత కొలిచినా ఏదో ఒక రాత్రి యాప్ ఆగుతుందని లెక్కేసుకునే స్క్రీన్ గీయండి. డీఓ అంకె పక్కన అది ఎప్పటిదో టైమ్ కచ్చితంగా చూపించండి. రీడింగ్ పది నిమిషాలు దాటితే అంకె తీసేసి గీత పెట్టండి. రాత్రి పదకొండింటి 5.2ని తెల్లవారి నాలుగింటికి చూసి రైతు ధైర్యంగా పక్కకి తిరిగి పడుకోకూడదు. ఫోన్ కూడా వాచ్‌కి పంపిన ప్రతి హెచ్చరికకీ జవాబు కోసం చూడాలి. అర నిమిషంలో వాచ్ నుంచి అందింది అన్న మాట రాకపోతే ఫోనే పెద్దగా మోగాలి. గట్టు మీద సైరన్ ఉంటే దాని వైరు సెన్సార్ పెట్టె నుంచి నేరుగా వెళ్లాలి, వాచ్ మీదా ఫోన్ మీదా ఆధారపడకూడదు. ఈ మూడూ సరిగా పనిచేస్తున్నాయని చెరువు దగ్గరే, ఏరేటర్ ఆపి కాదు, సెన్సార్‌కి తప్పుడు అంకె ఇచ్చి చూసుకోండి.